ఫ్యాన్ ఫిక్షన్ రాసేవాళ్లకు అవార్డులు ఉన్నాయా?

ప్రశ్న: ఆరేళ్లుగా పిల్లలు పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. 41 అధ్యాయాలయ్యాయి. "ఎవరో పుట్టించిన పాత్రలతో నువ్వు కథలు రాస్తే గుర్తింపెక్కడిది?" అంటుంది మా అక్క. నిజంగా మనకేమీ లేవా?

జవాబు 1: ఉన్నాయండీ. 2019లో డబ్లిన్‌లో ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే ఫ్యాన్ ఫిక్షన్ సైట్‌కు సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకు ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది, బెస్ట్ రిలేటెడ్ వర్క్ విభాగంలో. అది సైట్ మొత్తానికి ఇచ్చింది, రాసినవాళ్లు ఎవరికి వారు హ్యూగో విజేతలు కారు. అయినా ఆ రోజు వేదిక మీద నుంచి ఆర్కైవ్‌వాళ్లందరినీ లేచి నిలబడమన్నారు. ఆ వీడియో చూసి నాకు ఏడుపొచ్చింది.

జవాబు 2: ఇంటర్నెట్‌కు ముందే ఉన్నాయి. ఫ్యాన్లు సొంత ఖర్చుతో అచ్చేసుకున్న ఫ్యాన్‌జీన్ పత్రికలకు, వాటిలోని కథలకు అమెరికాలో ఫ్యాన్ క్యూ అవార్డులు ఇచ్చేవారు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. ఆ వీడియో వెతికి అక్కకు పంపిస్తాను. 42వ అధ్యాయం ఈ రాత్రే మొదలుపెడతా.