బరువు 108 కిలోలు: వారానికో ఇంజెక్షనా, ఆపరేషనా?

లెక్కల టీచర్, ఖమ్మం

నమస్కారం. నా వయసు 34. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 108 కిలోలు. ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. నాలుగేళ్లుగా షుగరు ఉంది. రెండు రకాల మాత్రలు వాడుతున్నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) 8.6 కంటే దిగడం లేదు. మోకాళ్ల నొప్పి వల్ల పై అంతస్తు తరగతులు వేరేవాళ్లకు ఇప్పించుకున్నాను. రాత్రి గురక, పగలంతా నిద్రమత్తు. అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నాను, జిమ్‌కు వెళ్లాను. 12 కిలోలు తగ్గాను, తర్వాత అంతా తిరిగి వచ్చేసింది.

హైదరాబాదులో సర్జన్ గారు బేరియాట్రిక్ ఆపరేషన్ (బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని చిన్నది చేసే ఆపరేషన్) చేయించుకోమన్నారు. మా షుగరు డాక్టరు గారు ముందు ఇంజెక్షన్ వాడి చూద్దామంటున్నారు. మా అత్తయ్య గారేమో "నోరు కట్టుకుంటే తగ్గేదానికి పొట్ట కోయించుకుంటావా" అంటున్నారు. దగ్గరగా చూసినవాళ్లు ఎవరైనా చెప్పండి. ఏది నయం?

ఆస్పత్రి డైటీషియన్

టీచర్ గారూ, నేను చాలా ఏళ్లుగా బేరియాట్రిక్ వార్డులో రోగుల తిండి చూసే పనిలో ఉన్నాను. అత్తయ్య గారి మాటకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే ఆ మాటకు భయపడి ఆస్పత్రి గడప తొక్కని ఆడవాళ్లను ఎంతోమందిని చూశాను. మీరు నోరు కట్టుకున్నారు. అందుకే 12 కిలోలు తగ్గారు. బరువు తగ్గగానే శరీరం ఖర్చు చేసే శక్తి తగ్గిపోతుంది, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను పెరుగుతుంది. పోయిన బరువును తిరిగి రాబట్టుకోవడానికి ఒళ్లంతా పని చేస్తుంది. అది మీ మనసు బలహీనత కాదు. కౌన్సెలింగ్‌కు వెళ్లేటప్పుడు ఆవిడను కూడా వెంట తీసుకెళ్లండి. డాక్టరు నోటి నుంచి వింటే చాలామంది పెద్దవాళ్లు మెత్తబడతారు.

ఇప్పుడు ఇంజెక్షన్ల సంగతి. సెమాగ్లూటైడ్ 2.4 మిల్లీగ్రాముల మోతాదులో 68 వారాలు తీసుకున్నవాళ్లు సగటున 15 శాతం బరువు తగ్గారు. టిర్జెపటైడ్ పెద్ద మోతాదులో 72 వారాలకు 21 శాతం దాకా. ఇవి షుగరు లేనివాళ్ల మీద చేసిన ట్రయల్స్ లెక్కలు. షుగరు ఉన్నవాళ్లు ఇంతకన్నా తక్కువే తగ్గారు, మీ బరువుకు లెక్క వేస్తే సుమారు 10 నుంచి 16 కిలోలు. మంచి మందులే, షుగరు కూడా బాగా దిగుతుంది. మొదటి నెలల్లో వికారం, వాంతులు, మలబద్ధకం ఉంటాయి కాబట్టి మోతాదు మెల్లగా పెంచుతారు. పిత్తాశయంలో రాళ్లు, అరుదుగా పాంక్రియాస్ వాపు రావచ్చు. కుటుంబంలో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే వాడకూడదు.

అయితే మానేస్తే ఏమవుతుందన్నది అసలు ప్రశ్న. సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చినట్టు అదే ట్రయల్ చూపించింది. బీపీ మాత్రల్లాగే దీన్నీ ఏళ్ల తరబడి వాడాలి. టిర్జెపటైడ్ 2025 మార్చిలో మన దేశానికి వచ్చినప్పుడు 5 మిల్లీగ్రాముల వయల్ 4,375 రూపాయలు, వారానికొకటి. ఒక టీచర్ జీతంలో అది ఎంత భాగమో మీరే చూసుకోండి. ధర తగ్గాక కొందామని కాదు, ఆపకుండా కొనగలరా అని ఆలోచించండి.

ఆపరేషన్‌తో సాధారణంగా మొత్తం బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పోతుంది. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు, స్లీవ్, బైపాస్. స్లీవ్‌లో జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా తీసేస్తారు, దానితో గ్రెలిన్ కూడా పడిపోతుంది. బైపాస్‌లో చిన్న సంచిలాంటి జీర్ణాశయం మిగిల్చి, దాన్ని చిన్నపేగు మధ్య భాగానికి కలుపుతారు. షుగరుకు ఇది మరింత బాగా పని చేస్తుంది. కొందరికి బరువు తగ్గకముందే, రోజుల్లోనే షుగరు దిగుతుంది. అందుకే పాత మోతాదు మాత్రలు అలాగే మింగితే ప్రమాదం. కుట్ల దగ్గర లీకు, రక్తస్రావం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం అరుదే గానీ ఉన్నాయి. మీ గురక చూస్తే ముందు నిద్ర పరీక్ష తప్పనిసరి.

రెండు సంగతులు చెప్పండి. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు ఉన్నాయా? ఇంకో బిడ్డ కావాలనుకుంటున్నారా?

విజయవాడ నుంచి

నేను బైపాస్ చేయించుకున్నాను. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగ్ చూస్తాను. ఇన్సులిన్ మానేశాను, లారీ ఎక్కి సరుకు లెక్కపెట్టగలుగుతున్నాను. బతుకు మారిందని ధైర్యంగా చెబుతాను.

ఎవరూ ముందు చెప్పనిది పెళ్లిభోజనం సంగతి. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది, వడ్డించేవాళ్లు ఊరుకోరు. బొబ్బట్టు ఒకటి గబగబా తింటే చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం. దీన్ని డంపింగ్ అంటారు. భోజనంతో పాటు నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. ఒంటి నొప్పులకు మందుల షాపులో డైక్లోఫెనాక్‌లాంటివి అడిగి మింగే అలవాటు పూర్తిగా పోవాలి, కుట్ల దగ్గర పుండ్లు పడతాయి. నాలుగో నెలలో జుట్టు బాగా రాలింది, తర్వాత వచ్చేసింది. టీచర్ గారూ, భయపడకండి.

క్లెయిముల విభాగంలో పనిచేస్తున్నాను

ఇన్సూరెన్స్ గురించి ఒక్క మాట. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 నాటి మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంతో చెప్పే లెక్క) 40 లేదా అంతకు మించి ఉంటే, లేదా 35 లేదా ఆపైన ఉండి అదుపులో లేని టైప్ 2 షుగరు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోవడం), గుండెజబ్బులాంటివి ఉంటే స్థూలకాయ ఆపరేషన్‌ను మినహాయింపుల్లో, అంటే డబ్బు ఇవ్వనివాటిలో, చేర్చరు. వయసు 18 దాటాలి, డాక్టరు సలహా ఉండాలి, ఇతర పద్ధతులు ఫలించలేదని తేలాలి. మీ బీఎంఐ 43 పైనే ఉంది. డైటీషియన్ చీటీలు, పాత రిపోర్టులు ఏవీ పారేయకండి. పాలసీలో వెయిటింగ్ పీరియడ్ పూర్తయిందో లేదో చూసుకుని, ముందస్తు అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాకే చేరండి.

లెక్కల టీచర్, ఖమ్మం

అందరికీ కృతజ్ఞతలు. డైటీషియన్ గారూ, ఛాతీలో మంట బాగా ఉంటుంది, రాత్రిళ్లు దిండు ఎత్తు పెట్టుకుని పడుకుంటాను. పాపకు ఏడేళ్లు. ఇంకొకరు కావాలని మా ఇద్దరికీ ఉంది. షుగరు ఇలా ఉంటే వద్దని గైనకాలజిస్ట్ గారు ఆపారు. మేము గుడ్డు తింటాం, మాంసం తినం.

ఆస్పత్రి డైటీషియన్

ఈ రెండు జవాబులతో దారి చాలావరకు తేలింది. గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందు సెమాగ్లూటైడ్ ఆపాలి. తర్వాత గర్భం, పాలివ్వడం. మందు లేని ఆ కాలమంతా బరువు, షుగరు వెనక్కి వస్తాయి. మీ పరిస్థితిలో నా మొగ్గు ఆపరేషన్ వైపే. అయితే స్లీవ్ తర్వాత ఛాతీ మంట పెరిగే అవకాశం ఉంది కాబట్టి ఎండోస్కోపీ చేయించి, బైపాస్ గురించి సర్జన్ గారిని సూటిగా అడగండి. షుగరు డాక్టరు గారిని కూడా అదే మాటల్లో కూర్చోబెట్టండి. ఆపరేషన్ ముందు కొన్ని వారాలు ఇంజెక్షన్ వాడాలా అన్నది ఆయన చెబుతారు.

మాంసం తినరు గనక ప్రొటీను మీద గట్టిగా చెబుతున్నాను. రోజుకు 60 గ్రాములకు తగ్గకూడదు. మన ఇళ్లలో పప్పు తింటున్నాం కదా అని ధీమాగా ఉంటారు. చిన్న కప్పు ముద్దపప్పులో ఉండేది ఏడెనిమిది గ్రాములే, పప్పుచారులో ఇంకా తక్కువ. గుడ్డుకు 6 గ్రాములు, పనీరు 100 గ్రాములకు 18 దాకా, ఎండు మీల్‌మేకర్ 30 గ్రాములకు 15. పళ్లెంలో ముందు ఇవి తినాలి, అన్నం చివర. మొదటి నెలల్లో ప్రొటీన్ పొడి తప్పదు. బీ12, ఐరన్, క్యాల్షియం, విటమిన్ డీ జీవితాంతం వాడాలి.

ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలల దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. బైపాస్ తర్వాత మింగే గర్భనిరోధక మాత్రలను నమ్మవద్దు, కాపర్ టీ వంటివాటి గురించి గైనకాలజిస్ట్ గారితో మాట్లాడండి. వయసు 36 అవుతుందని తొందరపడవద్దు. గర్భం వచ్చాక షుగరు పరీక్షకు గ్లూకోజ్ నీళ్లు ఇస్తే, బైపాస్ అయిందని ముందే చెప్పండి. డంపింగ్ వస్తుంది కాబట్టి దానికి బదులు వారంపాటు ఇంట్లోనే వేలి రక్తంతో చూస్తారు.