ఆరు నిమిషాల్లో 80 శాతం చార్జింగ్ అంటున్నారు: స్కూటర్ ఇప్పుడు కొనాలా, ఆగాలా?

హూడి_బేస్‌మెంట్:
బెంగళూరు జక్కూర్‌లోని జేఎన్‌సీఏఎస్‌ఆర్ అనే పరిశోధన సంస్థ వాళ్ళ సోడియం అయాన్ బ్యాటరీ వార్త 2025 మేలో వచ్చింది కదా, అది మళ్ళీ మా అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులోకి వచ్చి పడింది. ఆరు నిమిషాల్లో 80 శాతం చార్జింగ్, మూడు వేలకు పైగా సైకిల్స్ (ఒకసారి పూర్తిగా నింపి వాడితే ఒక సైకిల్). కింద కామెంట్లు: "లిథియం దుకాణం బంద్", "ఇప్పుడు ఈవీ కొన్నవాడు మునిగాడు", "టీ తాగేలోపు ఫుల్". దానికి తోడు చైనాలో ఐదు నిమిషాలు చార్జింగ్ పెడితే 400 కిలోమీటర్లు అని ఇంకో వీడియో.

3 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్న స్కూటర్ చూస్తున్నాను. ఆఫీసు బెల్లందూర్, రానూ పోనూ రోజుకు 30 కిలోమీటర్లు. పార్కింగ్ రెండో బేస్‌మెంట్‌లో, మీటర్ బోర్డు నుంచి 40 మీటర్ల కేబుల్ పడుతుంది. తెలిసినవాళ్ళు చెప్పండి: ఆ చార్జింగ్ మన ఇళ్ళదాకా వస్తుందా? ఇప్పుడు లిథియంది కొని, రేపు సోడియం వస్తే ప్యాక్ ఒక్కటే మార్చుకోవచ్చా? ఈలోపు బేస్‌మెంట్‌లో ఏ వైరు లాగించాలి?

సెల్_లోపల:
వార్త నిజమే, తొందరంతా కామెంట్లది. వాళ్ళు చేసిన పని మన ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకోదగ్గది, కాబట్టి అసలు ఏం చేశారో చూద్దాం.

సెల్‌లో కాథోడ్, యానోడ్ అని రెండు కొసలుంటాయి, చార్జ్ చేసేటప్పుడు సోడియం అయాన్లు కాథోడ్ నుంచి యానోడ్‌కు చేరతాయి. ఆ యానోడ్‌కు నాసికాన్ అనే ఫాస్ఫేట్ రకం పదార్థం తీసుకున్నారు. దీని స్ఫటికంలో సోడియం అయాన్లు తిరగడానికి అన్ని దిక్కులా దారులుంటాయి. దానికి మూడు మార్పులు చేశారు. రేణువులను నానో సైజుకు తగ్గించారు, పైన పల్చటి కార్బన్ పూత వేశారు, కూర్పులో కొంచెం అల్యూమినియం కలిపారు. మొదటిది ఎందుకంటే, రేణువులో అయాన్ నడిచే దూరం పది రెట్లు తగ్గితే పట్టే సమయం పది రెట్లు కాదు, వంద రెట్లు తగ్గుతుంది. సమయం దూరం వర్గాన్ని బట్టి పోతుంది. కార్బన్ పూత ఎందుకంటే ఈ ఫాస్ఫేట్లు ఎలక్ట్రాన్లను సరిగ్గా మోయవు. అల్యూమినియంతో యానోడ్ పనితీరు మెరుగుపడింది.

ఇప్పుడు దీనికి మనం ఇచ్చుకునే మూల్యం. ఇలాంటి ఫాస్ఫేట్ యానోడ్ సోడియం సెల్స్‌లో మామూలుగా వాడే హార్డ్ కార్బన్ యానోడ్ కన్నా ఎక్కువ వోల్టేజీ దగ్గర పనిచేస్తుంది. అందువల్ల వేగంగా చార్జ్ చేసినా సోడియం లోహంగా పేరుకునే ప్రమాదం తక్కువ, అది పెద్ద లాభం. కానీ సెల్ వోల్టేజీ అంటే కాథోడ్‌కూ యానోడ్‌కూ తేడాయే కాబట్టి, ఆ మేరకు సెల్ వోల్టేజీ తగ్గుతుంది, కిలోకు దక్కే శక్తీ తగ్గుతుంది. లిథియంలో ఎల్‌టీఓ (లిథియం టైటనేట్ యానోడ్) సెల్స్‌ది ఇదే కథ: చార్జింగ్ మెరుపు వేగం, జీవితం చాలా ఎక్కువ, వోల్టేజీ మాత్రం 2.3 దగ్గరే. అందుకే అవి బస్సుల్లో కనిపిస్తాయి గానీ స్కూటర్లలో అంతగా కనిపించవు.

ఇంకో సంగతి, ఏ బ్యాటరీ వార్తకైనా పనికొస్తుంది. సెల్ లోపలి రేకు మీద పదార్థం ఎంత మందంగా పూశారో వెతకండి. ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు కొద్ది మిల్లీగ్రాములే పూస్తారు, అమ్మకపు సెల్స్‌లో 10 నుంచి 20, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పూత పల్చగా ఉంటే ఏ పదార్థమైనా వేగంగా చార్జ్ అవుతుంది. మందం పెరిగేకొద్దీ అయాన్లు అడుగుదాకా చేరలేక పైపొరే పని మోస్తుంది. సెల్ కాయిన్ సైజా (గడియారం సెల్ అంత), పౌచ్ సైజా (ఫోన్ బ్యాటరీలా పలకగా ఉండేది), ఎన్ని ఆంపియర్ అవర్లు, ఆ మూడు వేల సైకిల్స్ ఆరు నిమిషాల వేగంతో చేసినవా, నెమ్మదిగా చేసినవా? ఇవి రాయని వార్తను పట్టుకుని కొనుగోలు వాయిదా వెయ్యడం ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టే.

కాలం లెక్క కావాలంటే ఎల్‌ఎఫ్‌పీని (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) చూడండి. శాస్త్రవేత్త జాన్ గుడెనఫ్ బృందం దాన్ని 1997లో ప్రకటించింది. అది మామూలు కార్లలో పెద్దఎత్తున నిండడానికి ఇరవై ఏళ్ళు దాటింది.

లోడ్_లెక్క:
పైవారు సెల్ సంగతి చెప్పారు, నేను గోడ సంగతి చెప్తాను. అసలు అడ్డం అక్కడుంది.

3 కిలోవాట్ అవర్లలో 80 శాతం అంటే 2.4. ఆరు నిమిషాలంటే గంటలో పదో వంతు. అంటే 24 కిలోవాట్లు కావాలి. మామూలు ఫ్లాట్‌కు శాంక్షన్డ్ లోడ్ 3 నుంచి 5 కిలోవాట్లు. మీ 16 ఆంపియర్ల సాకెట్ పూర్తిగా పిండినా 230 × 16 = 3.68 కిలోవాట్లు. ఒక్క స్కూటర్ కోసం ఐదు ఫ్లాట్ల లోడు ఆరు నిమిషాలు కావాలన్నమాట. బ్యాటరీ కెమిస్ట్రీ లిథియమా, సోడియమా అన్నది ఈ లెక్కలో ఎక్కడా రాదు. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు: ఇంటికి రాదు. వస్తే పెట్రోల్ బంకులాంటి చోటికి, దాని సొంత ట్రాన్స్‌ఫార్మర్‌తో వస్తుంది.

వేడి కూడా చూడండి. 51 వోల్టుల ప్యాక్‌లోకి 24 కిలోవాట్లంటే 470 ఆంపియర్లు. ఇప్పటి మామూలు సెల్స్‌తో కట్టిన ప్యాక్ అంతర్గత నిరోధం 25 మిల్లీఓమ్‌లు అనుకుంటే 470 × 470 × 0.025, దాదాపు 5,500 వాట్ల వేడి. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు అయిదున్నర, 20 కిలోల డబ్బాలో. చల్లార్చే ఏర్పాటు లేకపోతే ఆరు నిమిషాల్లో ప్యాక్ వేడి ఉన్నదానికన్నా ఇంకో వంద డిగ్రీల దాకా పెరుగుతుంది. అదే ఇంట్లో 750 వాట్ల చార్జర్ పెడితే ప్యాక్‌లోకి 15 ఆంపియర్లు, వేడి ఆరు వాట్లు కూడా లేదు. జక్కూర్ బృందం నానో రేణువులతో, కార్బన్ పూతతో తగ్గించింది ఆ నిరోధాన్నే. ఈ ప్యాక్ లెక్క చూశాక వాళ్ళ పని విలువ నాకు ఇంకా పెరిగింది.

చైనా వీడియో బీవైడీ కార్ల కంపెనీది, 2025 మార్చిలోది. వెయ్యి వోల్టులు, వెయ్యి ఆంపియర్లు, అంటే ఒక మెగావాట్. అది కారు. ఆ 400 కిలోమీటర్లు కూడా చైనా సీఎల్‌టీసీ పరీక్ష ప్రకారం, రోడ్డు మీద తక్కువొస్తుంది.

కోరమంగళ_రూట్:
లోడ్_లెక్క గారూ, లెక్క ఒప్పుకుంటాను, "ఇంటికి రాదు" అని మూసెయ్యడం ఒప్పుకోను. ఈ వార్త అవసరం ఆఫీసుకెళ్ళేవాళ్ళకు కాదు. రోజుకు 120 కిలోమీటర్లు తిరిగే డెలివరీ వాళ్ళకు నిజంగా బతుకు ప్రశ్న. వాళ్ళలో చాలామంది పీజీల్లో, సింగిల్ రూముల్లో ఉంటారు, రాత్రి ప్లగ్గు పెట్టే చోటే ఉండదు. మధ్యాహ్నం గిరాకీ నడుస్తుంటే గంటసేపు చార్జింగ్ దగ్గర నిలబడితే ఆ గంట సంపాదన పోయినట్టే. అందుకే బ్యాటరీ మార్చే స్టేషన్లు వాళ్ళకు నడుస్తున్నాయి.

ఆరు నిమిషాలు కాకపోయినా, 80 శాతానికి 20 నిమిషాలు చాలు. అప్పుడు 24 కాదు, 7.2 కిలోవాట్లే. త్రీ ఫేజ్ కనెక్షన్ ఉన్న ఏ దర్శిని హోటల్ ముందైనా పెట్టొచ్చు. కరెంటు 140 ఆంపియర్లకు దిగుతుంది, వేడి 500 వాట్లు. గాలి పారే ఏర్పాటు, సెల్స్ మధ్య అల్యూమినియం పలకలు ఉంటే దీన్ని తట్టుకోవచ్చు. వేగం మూడో వంతుకు తగ్గితే వేడి తొమ్మిదో వంతు కన్నా కిందికి దిగింది చూడండి. పరిశోధనలో ఆరు నిమిషాలు సాధించిన పదార్థాన్ని రోడ్డు మీద 20 నిమిషాలకు వాడితే దాని జీవితమూ పెరుగుతుంది. ఈ వార్తలో నాకు ఆశ కనిపించేది అక్కడే.

లోడ్_లెక్క:
ఇది సరైన మాట. 7 కిలోవాట్లయితే నేను చెప్పిన అడ్డంకి చాలా చోట్ల ఉండదు. ఫ్లాట్ సింగిల్ ఫేజ్‌కు మాత్రం ఇప్పటికీ ఎక్కువే.

ప్యాక్_బీఎంఎస్:
రెండో ప్రశ్నకు వస్తాను: ప్యాక్ మార్చుకోవచ్చా? స్కూటర్ కంపెనీయే ఆ మోడల్‌కు సోడియం ప్యాక్ తయారుచేసి ఇస్తే తప్ప, వద్దు. బయట షాపులో కట్టించే ఆలోచన అసలే వద్దు.

లిథియంలో మామూలుగా వాడే ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) ప్యాక్‌లో 14 సెల్ గ్రూపులు వరసగా ఉంటే కింద 42 వోల్టులు, పైన 58.8. మోటార్ కంట్రోలర్, చార్జర్, బీఎంఎస్ (బ్యాటరీని కాపలా కాసే సర్క్యూట్) మూడూ ఈ పరిధికే కట్టినవి. సోడియం సెల్ దాదాపు 2 వోల్టుల నుంచి 3.95 దాకా తిరుగుతుంది. సగటు 51 రావాలంటే 17 గ్రూపులు పెట్టాలి. అప్పుడు ఖాళీగా ఉన్నప్పుడు 34 వోల్టులు, నిండినప్పుడు 67. పైన కంట్రోలర్ ఓవర్ వోల్టేజీ అని ఆగిపోతుంది, లేదా లోపల 63 వోల్టుల కెపాసిటర్లు ఉంటే అవి పోతాయి. కింద 42 దగ్గరే కట్ అవుతుంది, బ్యాటరీలో మిగిలింది వాడుకోలేరు. చార్జర్ అయితే 58.8 దగ్గరే ఆపేస్తుంది, ప్యాక్ ఎప్పటికీ నిండదు. చార్జ్ శాతం చూపించే లెక్క కూడా ఎన్‌ఎంసీ వోల్టేజీ వంపు మీద రాసింది, 30 శాతం చూపిస్తూనే బండి ఆగిపోవచ్చు.

బరువు సంగతి: చైనా బ్యాటరీ కంపెనీ సీఏటీఎల్ 2025 ఏప్రిల్‌లో చూపించిన సోడియం సెల్‌కు కంపెనీ చెప్పింది కిలోకు 175 వాట్ అవర్లు. మంచి ఎన్‌ఎంసీ సెల్ 250 దగ్గరుంటుంది. అదే డబ్బాలో అంతే శక్తి పట్టదు.

సోడియంకు లాభాలు లేకపోలేదు. రెండు వైపులా అల్యూమినియం రేకే సరిపోతుంది, రాగి అక్కర్లేదు. సున్నా వోల్టుల దాకా దించి రవాణా చెయ్యొచ్చు. చలిలో బాగా పనిచేస్తుంది, అయితే బెంగళూరు జనవరి చలి దీనికి ఒక లెక్క కాదు.

సైకిల్స్ గురించి ఆందోళన వద్దు. 3 కిలోవాట్ అవర్లతో రోడ్డు మీద 90 కిలోమీటర్లు వస్తే, మీ 30 కిలోమీటర్లు రోజుకు మూడో వంతు సైకిల్. వెయ్యి సైకిల్స్‌కే ఎనిమిదేళ్ళు దాటుతుంది. మీ వాడకంలో బ్యాటరీని తినేది సైకిల్స్ కన్నా ఎండ, ఎప్పుడూ వంద శాతం దగ్గర నిలబెట్టడం. బేస్‌మెంట్ చల్లగా ఉంటుంది, అది మీకు కలిసొచ్చింది. ఎన్‌ఎంసీ అయితే రోజూ 80 దగ్గర ఆపండి, దూరం వెళ్ళే ముందురోజు రాత్రి నింపండి. ఎల్‌ఎఫ్‌పీ అయితే కంపెనీ చెప్పినట్టు అప్పుడప్పుడు వంద దాకా పోనివ్వండి. దాని వోల్టేజీ మధ్యలో చదునుగా ఉంటుంది కాబట్టి, చివరిదాకా వెళ్తేనే బీఎంఎస్ శాతాన్ని సరిచేసుకుంటుంది.

హూడి_బేస్‌మెంట్:
చాలా స్పష్టంగా చెప్పారు అందరూ, థాంక్స్. ఆగను, కొనేస్తాను. వైరు సంగతి ఎవరైనా చెప్తారా? అసోసియేషన్ ఎలక్ట్రీషియన్ 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలంటున్నాడు.

ఫేజ్_న్యూట్రల్:
1.5 స్కూటర్‌కు మాత్రం చాలుతుంది, కానీ ఒప్పుకోకండి. గొట్టాలు, కూలీ ఖర్చు ఒకటే. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించండి. రానూ పోనూ 80 మీటర్ల వైరు, 15 ఆంపియర్లకు ఐదున్నర వోల్టులే పోతాయి. 2.5 వేస్తే తొమ్మిది వోల్టులు పోతాయి. రేపు కారు 3.3 కిలోవాట్ల చార్జర్ పెట్టినా 4 సరిపోతుంది.

కనెక్షన్ మీ ఫ్లాట్ మీటర్ తర్వాత నుంచే తీయించండి, కామన్ లైట్ల లైన్ నుంచి కాదు. ఆ లైన్ డీజీ మీద ఉంటే కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద చార్జింగ్ నడిచి అసోసియేషన్‌తో గొడవ. మీటర్ దగ్గర 16 ఆంపియర్ల సీ కర్వ్ ఎంసీబీ (లోడు మించితే పడిపోయే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) పెట్టించండి. ఆర్‌సీసీబీ టైప్ ఏ అడగండి. షాపులో టైప్ ఏసీ చేతిలో పెడతారు, చార్జర్ లోపల రెక్టిఫయర్ ఉంటుంది కాబట్టి దాని లీకేజీని టైప్ ఏసీ సరిగ్గా పట్టకపోవచ్చు.

పని అయ్యాక మల్టీమీటర్‌తో సాకెట్ దగ్గర చూడండి. ఫేజ్-న్యూట్రల్ 220 నుంచి 240, ఫేజ్-ఎర్త్ దాదాపు అంతే. ఇస్త్రీపెట్టె పెట్టి లోడ్ మీద న్యూట్రల్-ఎర్త్ కొలవండి, మూడు నాలుగు వోల్టుల లోపు ఉండాలి. పది దాటితే ఎక్కడో న్యూట్రల్ లూజ్, లేదా ఎర్త్ సరిగ్గా లేదు. ఫేజ్-ఎర్త్ 60, 110 అని గాల్లో తేలే అంకెలొస్తే ఎర్త్ వైరు తెగినట్టే, చాలా చార్జర్లు ఎర్త్ ఫాల్ట్ చూపించి మొదలవ్వవు.

బల్బు పెట్టి ఎర్త్ చూసే పాత పద్ధతి మాత్రం చెయ్యనివ్వకండి. ఎర్త్ తెగి ఉంటే ఫేజ్ ఆ బల్బు గుండా పారి, ఆ వైరుకు తగిలించిన ప్రతి ఇనుప డబ్బాకూ ఎక్కుతుంది, పక్కన చెయ్యి పెట్టినవాళ్ళకు షాకే. ఎలక్ట్రీషియన్‌ను ఎర్త్ కొలిచే లూప్ టెస్టర్ తెమ్మనండి.

మొదటి రోజు అరగంట చార్జింగ్ అయ్యాక స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి పిన్నులు తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఉంచలేనంత వేడి ఉంటే సాకెట్ లోపలి పట్టు లూజ్. స్కూటర్ చార్జర్ సాకెట్ నుంచి లాగేది నాలుగు ఆంపియర్లే అయినా, అర ఓమ్ లూజ్ కాంటాక్ట్‌లో ఎనిమిది వాట్లు ఒక్క బిందువు దగ్గర కూర్చుంటాయి, కొన్నాళ్ళకు ప్లాస్టిక్ గోధుమరంగుకు మారుతుంది. ఆ సాకెట్ మార్చాల్సిందే, స్క్రూ బిగించి వదిలెయ్యకండి.