వాట్సాప్‌లో 35(3) నోటీసు వచ్చింది, నాన్నని స్టేషన్‌కి పంపాలా వద్దా?

ఏ2_ని_నేనే:
నాన్నకి 63 ఏళ్లు, షుగర్ ఉంది. పొలం గట్టు దగ్గర పక్కవాళ్లతో మాటామాటా పెరిగి తోపులాట దాకా వెళ్లింది. వాళ్లు కేసు పెట్టారు. నిన్న సాయంత్రం స్టేషన్ నుంచి ఫోన్: "ఏం లేదు పెద్దాయనా, రేపొచ్చి ఓ సంతకం పెట్టి వెళ్లు. ఫోన్ కూడా తీసుకురా, అందులో వీడియో ఉందట కదా." కాసేపటికి నాన్న వాట్సాప్‌కి ఒక కాగితం ఫొటో వచ్చింది. పైన బీఎన్ఎస్ఎస్ (కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం) 35(3) అని, కింద బీఎన్ఎస్ (నేరాలు, శిక్షల కొత్త చట్టం) 126(2), 115(2), 351(2), రెడ్‌విత్ (వాటితో కలిపి) 3(5) అని ఉంది. ఏ1, అంటే మొదటి నిందితుడు నాన్న, ఏ2 నేను. ఆ రోజు నేను అసలు ఊళ్లోనే లేను! వెళ్తే లోపలేస్తారేమోనని అమ్మకి ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

చట్టం_చుట్టం:
60 దాటినవాళ్లని స్టేషన్‌కి పిలవకూడదు బ్రో, కొత్త చట్టంలో ఉంది. పైగా వాట్సాప్ నోటీసు చెల్లదని సుప్రీంకోర్టే చెప్పింది. కదలకుండా ఇంట్లో కూర్చోమనండి.

బార్‌రూమ్_చివరి_బెంచీ:
పై సలహా వినకండి. దానిలో సగమే నిజం, ఆ సగంతోనే మనుషులు ఇరుక్కుంటారు.

60 దాటినవాళ్లని ఇంటి దగ్గరే విచారించాలన్నది బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 179. అది సాక్షులకి. మీ నాన్నగారు ఈ కేసులో ముద్దాయి. ఆయనకి వచ్చింది మన ఊళ్లలో అందరూ 41ఏ అని పిలిచే నోటీసే. 2024 జులై 1న పాత చట్టం సీఆర్‌పీసీ పోయి బీఎన్ఎస్ఎస్ వచ్చాక 35(3) అయింది. దాని అర్థం "అరెస్టు చేయడం లేదు, వచ్చి సహకరించు" అని. పిలిచినప్పుడల్లా వెళ్తుంటే అరెస్టు చేయకూడదు. తప్పనిసరని ఎస్సై అనుకుంటే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. వెళ్లకపోతే మాత్రం అరెస్టుకి మీరే దారి చూపినట్టు.

వాట్సాప్ సంగతి నిజమే. ఈ నోటీసు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో ఇస్తే చాలదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మార్చమని హర్యానా అడిగితే జులైలో ఒప్పుకోలేదు. అయినా ఆ పాయింటు పట్టుకుని ఇంట్లో కూర్చోకండి. "ఫలానా తేదీన వాట్సాప్‌లో నోటీసు చూశాను, అసలు కాపీ ఇప్పించండి, సహకరించడానికి హాజరవుతున్నాను" అని తెల్లకాగితం మీద రాసి, రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి స్టేషన్‌లో ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు వేయించుకోండి. వేయకపోతే అదే కాగితం రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రేపు బెయిల్ పిటిషన్ వేయాల్సి వస్తే నాలాంటి లాయర్ జడ్జి గారికి మొదట చూపించేది ఆ పోస్టల్ రసీదే.

ఇక మీ నాన్నగారికి నిజంగా పనికొచ్చేది 35(7). మూడేళ్లకన్నా తక్కువ శిక్ష పడే కేసుల్లో 60 దాటినవాళ్లని గానీ, అనారోగ్యంతో బలహీనంగా ఉన్నవాళ్లని గానీ డీఎస్పీ ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు. మీరు రాసిన సెక్షన్లలో పెద్దది 351(2), బెదిరింపు, గరిష్ఠంగా రెండేళ్లు. మిగతావి అంతకన్నా చిన్నవి. 3(5) అంటే ఉమ్మడి ఉద్దేశం, పాత ఐపీసీలో 34. మిమ్మల్ని కేసులోకి లాగింది అదే. కాబట్టి ఆధార్ జిరాక్స్, షుగర్ మందుల చీటీ ఆ కాగితానికి జత చేయండి.

ఆ "ఓ సంతకం" దగ్గర జాగ్రత్త. నోటీసు అందినట్టు సంతకం పెట్టొచ్చు. విచారణలో వాళ్లు రాసుకున్న వాంగ్మూలం మీద మాత్రం పెట్టక్కర్లేదు, సెక్షన్ 181. ఖాళీ కాగితం మీద అసలు వద్దు. తనని తాను ఇరికించుకునే జవాబు చెప్పకుండా ఉండే హక్కు రాజ్యాంగం 20(3) ఇచ్చింది. ఫోన్ ఊరికే చేతిలో పెట్టి రాకండి. స్వాధీనం చేసుకుంటే పంచనామా రాయాలి, బీఎన్ఎస్ఎస్ 105 కింద ఆ తతంగమంతా ఆడియో, వీడియో తీయాలి. ముందే ఆ వీడియోకి కాపీ తీసి ఉంచుకోండి.

ఒకవేళ అరెస్టే చేస్తే, కారణాలు ఆయనకి అర్థమయ్యే భాషలో రాసివ్వాలి. ఆలస్యమైనా మెజిస్ట్రేట్ ముందు ప్రవేశపెట్టడానికి కనీసం రెండు గంటల ముందే ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. లాయర్‌ని పెట్టుకునే స్థోమత లేకపోతే 15100కి ఫోన్ చేయండి, న్యాయసేవా సంస్థ వాళ్లు చూస్తారు.

రిటైర్డ్_హెడ్డు:
మేడమ్ చెప్పింది సబబే. స్టేషన్ వైపు నుంచి ఒక్క మాట. ఊరు దూరం, మనుషులు తక్కువ, అందుకే ఫొటో కొట్టి వాట్సాప్‌లో పడేస్తారు. చాలావరకు అంతకుమించి ఏం ఉండదు. పెద్దాయన్ని పొద్దున్నే పంపండి, ఎస్సై గారు ఉన్నప్పుడు. సాయంత్రమైతే బందోబస్తని బయటికెళ్తారు, ఊరికే బెంచీ మీద కూర్చోబెడతారు. సుప్రీంకోర్టు పేరు వెళ్లగానే ఎత్తకండి. కాగితం ఇవ్వండి, అది మాట్లాడుతుంది.

ఏ2_ని_నేనే:
థాంక్యూ మేడమ్, థాంక్యూ సర్. రేపు పొద్దున లాయర్‌తో కలిసి నాన్నని తీసుకెళ్తున్నా. నేనూ లోపలికి వెళ్లనా? నా పేరున ఏ నోటీసూ రాలేదు.

బార్‌రూమ్_చివరి_బెంచీ:
మీకు నోటీసు విడిగా ఇవ్వాలి, మీ నాన్నగారి నోటీసు మీకు వర్తించదు. అలాగని దాక్కోకండి, "నాకూ నోటీసు ఇవ్వండి, వస్తాను" అని అదే కాగితంలో ఓ వాక్యం రాయండి. ఈలోగా పోలీసుల వెబ్‌సైట్‌లో ఎఫ్ఐఆర్ దించుకుని గొడవ జరిగిన తేదీ, టైమ్ చూడండి. ఆ టైమ్‌కి మీరెక్కడున్నారో చూపించేవి, ఆఫీసు హాజరు, బస్సు టికెట్, అన్నీ తీసి పెట్టుకోండి. సీసీటీవీ ఉన్నచోట ఉంటే ఇవాళే లెటర్ రాసి అడగండి, కొన్ని చోట్ల పాతది చెరిపేసి కొత్తది రికార్డవుతుంది. ఇవి మూడూ రాజీ పడదగ్గ సెక్షన్లే. గట్టు సర్వే చేయించుకుని, అవతలివాళ్లు దిగొస్తే లోక్ అదాలత్‌లో తేల్చుకోవచ్చు. కానీ ముందు రేపటి స్టాంపు సంగతి చూడండి.