పాత గోవా బోం జీసస్ బసిలికా: పెద్దవయసు అమ్మతో ఎప్పుడు వెళ్తే మంచిది?

గుంటూరు అమ్మాయి:
మా అమ్మకు డెబ్బై దాటాయి. పునీత ఫ్రాన్సిస్ శౌరివారంటే (సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్) ప్రాణం. మా ఇంట్లో తరానికొక శౌరి ఉండాల్సిందే. గోవా వెళ్ళి ఆయన దేహాన్ని ఒక్కసారి చూడాలని ఎన్నాళ్ళుగానో అడుగుతోంది. డిసెంబరు 3 పండుగకు తీసుకెళ్ళాలా, జనం తగ్గాక జనవరిలోనా? మోకాళ్ళ నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేదు. మా తమ్ముడేమో బీచ్‌కు వెళ్తూ దారిలో అరగంట ఆగుదాం, చాలు అంటున్నాడు.

పణజి తెలుగువాడు:
అమరావతి ఎక్స్‌ప్రెస్ గుంటూరు మీదుగానే వస్తుంది, కానీ రోజూ ఉండదు, చూసుకోండి. మడగావ్‌లో దిగి టాక్సీ మాట్లాడుకోండి. బస పణజిలో పెట్టుకుంటే పాత గోవా పది కిలోమీటర్లే, బస్సులు వెంటవెంటనే ఉంటాయి. ఆదివారం పొద్దున మాత్రం పూజలు జరుగుతాయి, చూడటానికి వచ్చేవాళ్ళను ఆ తరువాతే రానిస్తారు. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోమని తమ్ముడికి చెప్పండి.

రాతిపని:
పాత కట్టడాల మరమ్మతులు నా వృత్తి. ఆ గుడి ముందు నేను గంటలు గంటలు నిలబడ్డాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

బయలుదేరక ముందే అమ్మగారికి ఒక మాట చెప్పండి. శౌరివారి దేహం ఉన్న వెండి పేటిక తలెత్తి చూడాల్సినంత ఎత్తులో ఉంటుంది. కింద నుంచి ముఖం స్పష్టంగా కనిపించదు. ఇది తెలియక అంత దూరం వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్న పెద్దవాళ్ళను చూశాను. సుమారు పదేళ్ళకొకసారి పేటికను దించి, రోడ్డుకు అవతలున్న సే కేథడ్రల్‌లో దర్శనానికి ఉంచుతారు. మొన్నటిది 2024 నవంబరు 21న మొదలై 2025 జనవరి 5న ముగిసింది. ఆ లెక్కన మళ్ళీ 2034లోనే. డెబ్బై దాటిన మనిషిని అప్పటిదాకా ఆగమనలేం కదా. ఇప్పుడే తీసుకెళ్ళండి.

పండుగకా, జనవరికా అంటే నా ఓటు జనవరికే. నవంబరు 24 నుంచి నవదిన ప్రార్థనలు, ఆపైన పండుగ. ఆ భక్తి గొప్పదే, కానీ ఆ జనంలో మోకాళ్ళ నొప్పులతో నిలబడటం కష్టం. మామూలు రోజు తలుపులు తీసే వేళకు వెళ్తే బల్ల మీద కూర్చుని నింపాదిగా చూడవచ్చు.

అరగంట చాలదు. బలిపీఠానికి ఎదురుగా నిలబడితే సమాధి కుడివైపున ఉంటుంది. అక్కడ ముందు పేటిక కింది భాగం చూడండి. రంగురంగుల పాలరాయి, నాలుగు వైపులా కంచు పలకలు. ఫ్లోరెన్స్ శిల్పి ఫొజ్జీనీ చేసిన పని అది. టస్కనీ ప్రభువు మూడవ కోసిమో కానుకగా పంపితే 1698లో ఇక్కడ నిలబెట్టారు. ఒక పలక మీద శౌరివారి మరణ ఘట్టం ఉంటుంది. 1552 డిసెంబరు 3న, చైనాలో అడుగుపెట్టాలన్న కోరిక తీరకుండానే, ఆ తీరానికి ఎదురుగా ఉన్న షాంగ్‌చువాన్ దీవిలో కన్నుమూశారు. దేహం మలక్కా మీదుగా 1554లో గోవా చేరింది. ఈ కథ అమ్మగారికి తెలిసే ఉంటుంది, ఆ పలక ముందు ఆవిడ నోటితోనే చెప్పించుకోండి. పైనున్న వెండి పేటిక మాత్రం గోవా కంసాలుల పనితనం, 1630లలో చేసినది. ఇటలీ పాలరాయి మీద మనవాళ్ళ వెండి! నాకు ఆ గుడిలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

బయటికొచ్చాక గోడలు చూడండి. 1594లో పునాది వేసి 1605లో ప్రతిష్ఠించిన గుడి ఇది. చుట్టుపక్కల గుళ్ళన్నీ తెల్లగా ఉంటే ఇది ఒక్కటే ఎర్రగా ఉంటుంది. అందరూ ఆ ఎరుపునే మెచ్చుకుని ఫోటోలు తీసుకుంటారు. నాకైతే బాధేస్తుంది. ఆ గోడలకు మొదట సున్నపు పూత ఉండేది, 1950లలో గీకేశారు. లేటరైట్ అనే ఈ ఎర్రరాయి నిండా సన్నని రంధ్రాలు, కొంకణ్ వానలేమో నెలల తరబడి. పూత లేకపోతే నీళ్ళు పీల్చుకుని రాయి పొడిపొడిగా రాలుతుంది. గోడ దగ్గరికి వెళ్ళి చూడండి, కొన్నిచోట్ల రాతి అంచులు గుండ్రంగా అరిగిపోయి ఉంటాయి. మళ్ళీ పూత పూయాలనే నా వాదన, ఎక్కడైనా ఇదే చెబుతాను.

ఓపిక ఉంటే సే కేథడ్రల్ కూడా చూపించండి. 1776లో ఒక గోపురం కూలిపోయి ఒంటి గోపురంతో నిలిచింది. సెయింట్ అగస్టీన్ శిథిలాలు గుట్ట మీద ఉన్నాయి. అక్కడికి తమ్ముణ్ణి పంపండి, అమ్మగారికి వద్దు.

గుంటూరు అమ్మాయి:
చాలా కృతజ్ఞతలండీ. ముఖం కనిపించదని అమ్మకు చెప్పాను. "ఆయనకు నేను కనిపిస్తాను కదా" అంది. జనవరి రెండో వారానికి టికెట్లు చూస్తున్నాం. మోకాళ్ళ కోసం మొక్కు ఉందట, కొవ్వొత్తులు ఇక్కడి నుంచే తీసుకెళ్ళాలా?

పణజి తెలుగువాడు:
అక్కర్లేదండీ. గుడి దగ్గర రోడ్డు పక్కనే అమ్ముతారు. మైనంతో చేసిన కాళ్ళు, చేతుల బొమ్మలు కూడా దొరుకుతాయి. మోకాళ్ళ మొక్కు అంటున్నారు కాబట్టి కాలు బొమ్మ అడగండి.