తీపి బేకన్ బర్గర్: చక్కెర బేకన్ మీదా, ఉల్లిపాయల్లోనా?

పెరటిపొయ్యి:
మేముండేది అమెరికాలోని ఒహాయోలో. వేసవి వచ్చిందంటే మా పెరట్లో గ్రిల్ వెలగని శనివారం ఉండదు. పోయిన నెల, జులై 4న, మూడు కుటుంబాలని పిలిచి తీపి, ఉప్పు కలిసిన బేకన్ బర్గర్లు చేశాను. మందంగా కోసిన బేకన్ (ఉప్పులో ఊరబెట్టి పొగబెట్టిన పంది మాంసం) ముక్కలు పన్నెండు తీసుకుని, బ్రౌన్ షుగర్, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు పట్టించి, 375 డిగ్రీల ఫారన్‌హీట్ ఓవెన్లో పాతిక నిమిషాలు ఉంచాను. ట్రే బయటికి తీస్తే వంటిల్లంతా ఘుమఘుమలే. కాస్త చల్లారాక ఒక ముక్క విరిచి చూశాను, టప్పున విరిగింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

బర్గర్లు పేర్చి, అందరూ చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేసరికి పది నిమిషాలు పట్టింది. అంతే, ఆ కరకర పోయింది. బేకన్ సాగుతోంది, పళ్ళకి అంటుకుంటోంది, ఒక్కసారి కొరికితే ముక్క మొత్తం బన్నులోంచి ఊడి వచ్చేస్తోంది. పిల్లలు దాన్ని బయటికి లాగి విడిగా తిన్నారు.

తర్వాతి వారం బేకన్ మామూలుగా వేయించి, తీపిని వేయించిన ఉల్లిపాయల్లో పెట్టాను. నాకు అదే నచ్చింది. మా ఆవిడ మాత్రం మొదటిదే అసలైన బర్గర్ అని, రెండోది ఉల్లిపాయ కూర పెట్టిన రొట్టెలా ఉందని అంటోంది. నా వాదన ఒకటే: తీపి బేకన్ మీద ఉండకూడదు. బేకన్ ఇచ్చేది ఉప్పు, పొగ వాసన, కరకర. పైన చక్కెర పట్టిస్తే మూడూ మరుగున పడిపోతాయి. మీరేమంటారు?

పల్లీపట్టి:
నేను మీ ఆవిడగారి పక్షం. చల్లారాక టప్పున విరిగిందంటే మీ పాకం సరిగ్గానే ముదిరింది. దాన్ని పాడుచేసింది ఆవిరి.

మన ఇళ్ళలో పల్లీపట్టి చేసేటప్పుడు పాకం చుక్క నీళ్ళలో వేసి చూస్తాం కదా. తీగ పాకం, ఉండ పాకం దాటి, గిన్నెకేసి కొడితే టంగుమని మోగే దాకా ఆగుతాం. అది 300 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర వచ్చే పాకం. బేకన్ మీద గట్టిపడేది కూడా అలాంటిదే. అంత బాగా కుదిరిన పట్టిని కూడా వానాకాలంలో డబ్బా మూత తీసి వదిలేస్తే సాయంత్రానికి చేతికి అంటుకుంటుంది. చక్కెరకి తేమని లాక్కునే గుణం ఉంది. మీరేమో పొగలు కక్కే ప్యాటీ (బర్గర్ మధ్యలో పెట్టే ఖీమా బిళ్ళ) మీద నేరుగా పెట్టి, పైన బన్ను మూసి, పది నిమిషాలు ఆగారు. అది ఆవిరి కుడుము ఉడికించినట్టే.

నేను చేసే పద్ధతి చెబుతాను. ప్యాటీని పొయ్యి మీద నుంచి తీశాక రెండు మూడు నిమిషాలు విడిగా ఉంచుతాను. బన్ను రెండు వైపులా వెన్న రాసి ఎర్రగా కాలుస్తాను. ప్యాటీ మీద చీజ్, దాని మీద పాలకూరాకు కాదు, గట్టిగా ఉండే ఐస్‌బర్గ్ లెట్యూస్ ఒక పొర, దాని మీద బేకన్. అది కూడా తినేవాళ్ళు ప్లేటు పట్టుకుని నిలబడ్డాకే. బేకన్ ముక్కని సగానికి విరిచి అడ్డదిడ్డంగా పెడితే మొత్తం ఊడి రాదు.

ఇంకో మాట. బేకన్‌కి చక్కెర పట్టించినప్పుడు ట్రేలో పార్చ్‌మెంట్ పేపర్, దాని మీద వైర్ ర్యాక్ తప్పనిసరి. కారిన చక్కెర ట్రే మీద మాడితే ఆ చేదు వాసన అన్నిటికీ పడుతుంది, స్మోక్ అలారం మోగడం అదనం.

మేపుల్‌చెట్టు:
ఒక విషయం ఇద్దరూ వదిలేశారు. అమెరికాలో అమ్మే బేకన్ చాలా వరకు ఉప్పుతో పాటు చక్కెర కూడా పట్టించి ఊరబెట్టినదే. ఆ తర్వాతే హికరీ కట్టెల పొగో, ఆపిల్ కట్టెల పొగో పెడతారు. ప్యాకెట్ వెనక చదివితే కనిపిస్తుంది. అంటే బేకన్‌లో తీపి ముందు నుంచీ ఉంది. దానికి మళ్ళీ గుప్పెడు బ్రౌన్ షుగర్ ఎందుకు?

నేను వెర్మాంట్‌లో ఉంటాను. ఇక్కడ మేపుల్ చెట్టు నుంచి తీసిన నీరు దాదాపు 40 లీటర్లు మరగబెడితే ఒక లీటరు మేపుల్ సిరప్ వస్తుంది, అందుకే దాన్ని పారబోసినట్టు పొయ్యబుద్ధి కాదు. బేకన్ ముప్పాతిక వంతు వేగాక, చివరి ఐదు నిమిషాల్లో ముదురు రంగు మేపుల్‌ని బ్రష్‌తో పల్చగా ఒక్కసారి రాస్తాను. గట్టి పెంకు కట్టదు. తీపి నాలుకకి తగిలీ తగలనట్టు ఉంటుంది, పొగ వాసన ఎక్కడికీ పోదు.

ఇనపమూకుడు:
పెరటిపొయ్యి తమ్ముడూ, నువ్వు చెప్పింది సరైనదే, కానీ కారణం సగమే చెప్పావు. మీ ఆవిడకి ఉల్లిపాయ కూరలా ఎందుకు అనిపించిందో ఆలోచించావా? అందులో పులుపు లేదు. ఉప్పుకి తీపి నేరుగా జత కుదరదు, మధ్యలో పులుపు ఉండాలి. బెల్లం ఆవకాయలో మామిడికాయ పులుపు తీసేస్తే ఏం మిగులుతుంది? ఆనపకాయ పులుసులో బెల్లం ముక్క వేసేది చింతపండు ఉంది కాబట్టే. ఈ దేశం వాళ్ళకీ ఇది తెలుసు. ఒక టేబుల్ స్పూన్ కెచప్‌లో నాలుగు గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఇంచుమించు ఒక చెంచా. అయినా మనకి అది మిఠాయిలా అనిపించదు, ఎందుకంటే వెనిగర్ ఉంది. బర్గర్‌లో తీపి కొత్తగా వచ్చింది కాదు, ఎప్పటి నుంచో పులుపు చెయ్యి పట్టుకునే ఉంది.

ఉల్లిపాయల గురించి కాస్త ఓపిగ్గా చెప్పనివ్వు, ఎందుకంటే అందరూ తప్పు చేసేది ఇక్కడే. వంటల వీడియోల్లో పది నిమిషాల్లో అయిపోతాయని చెబుతారు. అవ్వవు. మూడు పెద్ద పసుపు ఉల్లిపాయలు నిలువుగా తరిగి, బేకన్ వేయించిన మూకుట్లో కొవ్వు ఒక చెంచాడు మాత్రం ఉంచి, మిగిలింది వంచేసి, చిటికెడు ఉప్పుతో సన్న సెగ మీద పెట్టు. మొదటి పావుగంట అవి నీళ్ళు వదులుతాయి, రంగు మారదు, ఆ టైంలోనే మనకి ఓపిక పోయి మంట పెంచేస్తాం. పెంచొద్దు. అడుగంటినప్పుడల్లా రెండు చెంచాల నీళ్ళు చల్లి గీకు, ఆ గోధుమరంగు మడ్డిలోనే రుచి ఉంది. నలభై నుంచి నలభై ఐదు నిమిషాలకి మూకుడు నిండా ఉన్నవి గుప్పెడవుతాయి, తేనె రంగు దాటి చింతపండు రంగుకి వస్తాయి. చక్కెర ఒక్క పలుకు వెయ్యక్కర్లేదు, ఉల్లిపాయలో ఉన్న తీపే బయటికి వస్తుంది. దించే ముందు ఒక చెంచా ఆపిల్ సిడర్ వెనిగర్, కావాలంటే అర చెంచా మేపుల్, బాగా మిరియాల పొడి. తొందరగా అవుతాయని వంటసోడా వేస్తారు కొందరు. రంగు తొందరగా వస్తుంది, నిజమే, కానీ మెత్తటి ముద్ద అవుతుంది. బర్గర్‌లో పోగులు పోగులుగా పంటికి తగలాలి.

మీ ఆవిడకి ఈసారి ఇలా చేసి పెట్టు, అప్పుడు మాట్లాడదాం.

చల్లకవ్వం:
అందరూ ప్యాటీ అనేస్తున్నారు, దేనితో చేస్తున్నారో చెప్పడం లేదు. మా ఇంట్లో బీఫ్ తినరు. ఈ దేశంలో ఉన్న తెలుగువాళ్ళలో మాలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. పోర్క్ ఖీమాతోనో, టర్కీ ఖీమాతోనో చేస్తే తీపి ఎక్కడ పెట్టాలన్న లెక్క మారుతుందా?

ఇనపమూకుడు:
మారుతుందమ్మా. పోర్క్‌లోనే కాస్త తీపి ఉంటుంది, దాని మీద తీపి బేకన్ కూడా పెడితే మొహం మొత్తుతుంది. పోర్క్‌కి పుల్లటి ఉల్లిపాయలు, ఆవపిండి ఘాటున్న మస్టర్డ్. టర్కీ చప్పగా, పొడిగా ఉంటుంది కాబట్టి దాని మీద మేపుల్ రాసిన బేకన్ బాగానే ఉంటుంది. కొవ్వు బొత్తిగా లేని టర్కీ మాత్రం కొనకు.

ఇంకో జాగ్రత్త. మన చేతికి అలవాటు కొద్దీ ఖీమాలో ఉప్పు, అల్లం వెల్లుల్లి వేసి కబాబ్‌కి కలిపినట్టు బాగా పిసికేస్తాం. ఉప్పుతో పిసికిన కొద్దీ మాంసం బిగుసుకుని సాసేజ్‌లా సాగుతుంది. బర్గర్‌కి ఖీమాని వేళ్ళతో తేలిగ్గా దగ్గరికి చేర్చి వదిలెయ్యాలి, ఉప్పు పెనం మీద వేసే ముందు పైన చల్లాలి. అదీ తక్కువగా, బేకన్‌లోనే బోలెడంత ఉప్పుంది. లోపల వేడి పోర్క్ ఖీమాకైతే 160 డిగ్రీల ఫారన్‌హీట్, టర్కీకైతే 165. రంగు చూసి నమ్మొద్దు, థర్మామీటర్ గుచ్చి చూడు.

చల్లకవ్వం:
థాంక్స్ అక్కా. మా అత్తగారు శాకాహారి, అందుకే బేకన్ వేయించే పెనం, పట్టకార్లు గరాజ్‌లో విడిగా పెట్టుకుంటాను. బయట గ్రిల్ మీదే వేయిస్తాను. మొదటిసారి తెలియక బేకన్‌ని నేరుగా గ్రిల్ ఊచల మీద పరిచాను, కొవ్వు కారి మంటలు పైకి లేచాయి. ఇప్పుడు గ్రిల్ మీద ఇనప పెనం పెట్టి అందులోనే వేయిస్తున్నాను.

గట్టుగాలి:
తీపి ఎక్కడ పెట్టాలని ఇంత చర్చ చేస్తున్నారు, అసలు బేకన్ సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లోనే ఊరబెట్టిన, పొగబెట్టిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజుకి 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. మా నాన్నగారిని ఆ జబ్బుతోనే పోగొట్టుకున్నాను, అందుకే రాస్తున్నాను. పిల్లలకి ఇది వారం వారం అలవాటు చెయ్యకండి.

పెరటిపొయ్యి:
గట్టుగాలి గారూ, మీ నాన్నగారి విషయం చదివి బాధ కలిగింది. మీరు చెప్పింది నేను తీసిపారెయ్యను. రెండు వారాలు వరసగా చేసిన మాట నిజమే. ఇకపై పండగకో, చుట్టాలు వచ్చినప్పుడో అనుకుంటున్నాం.

గట్టుగాలి:
అంతే చాలండి. పూర్తిగా మానెయ్యమని నేను అనలేదు.

పెరటిపొయ్యి:
చర్చ మొదలుపెట్టింది నేనే కాబట్టి పరీక్ష కూడా నేనే చేశాను. నిన్న పక్కింటివాళ్ళని పిలిచి ఎనిమిది చిన్న బర్గర్లు చేశాను. నాలుగింటికి పల్లీపట్టి గారి పద్ధతి, చీజ్ మీద లెట్యూస్ పొర, దాని మీద చక్కెర బేకన్. నాలుగింటికి ఇనపమూకుడు అక్క ఉల్లిపాయలు, మామూలు బేకన్. ప్యాటీ అన్నిటికీ ఒక్కటే, పోర్క్ ఖీమా. ప్రతి రకంలో రెండు వెంటనే తిన్నాం, రెండు పది నిమిషాలు ఆగి తిన్నాం.

వెంటనే తిన్నప్పుడు చక్కెర బేకన్‌దే పైచెయ్యి. ఒప్పుకోవాలి. పైన కరకర, లోపల ఉప్పు, మిరియాల ఘాటు, పక్కింటాయన రెండోది అడిగాడు. పది నిమిషాలు ఆగాక లెట్యూస్ పొర కొంత కాపాడింది గానీ పూర్తిగా కాదు, అంచులు మళ్ళీ సాగాయి. లెట్యూస్ కూడా వడిలిపోయింది. ఉల్లిపాయల బర్గర్ మాత్రం పది నిమిషాల తర్వాత ఇంకా బాగుంది, ఎందుకంటే వెనిగర్, మాంసం రసం బన్నులోకి దిగాయి. బేకన్ కొంచెం మెత్తబడినా పంటికి తేలిగ్గా తెగింది.

మా ఆవిడ ఈసారి కూర అనలేదు. వెనిగర్ తేడా తనకి మొదటి ముద్దలోనే తెలిసిందట. అయినా ఓటు మార్చలేదు, చక్కెర బేకన్ లేకపోతే నోట్లో పండగ ఉండదని అంటోంది. నేనూ నా మాట మీదే ఉన్నాను. పది మందికి వండేవాడికి వేచి ఉండగలిగే బర్గర్ కావాలి, అందరినీ ఒకేసారి పెనం దగ్గర నిలబెట్టలేను. ఒక్కటి మాత్రం నేను తప్పు చెప్పాను. చక్కెర వల్ల పొగ వాసన పోదు. పోయేది కరకర ఒక్కటే.

పల్లీపట్టి:
లెట్యూస్ బదులు చీజ్‌నే మూతలా వాడి చూడండి. ప్యాటీ అంచులు దాటి కిందికి కారేంత పెద్ద ముక్క పెట్టి, అది పూర్తిగా కరిగి మళ్ళీ కాస్త బిగుసుకునే దాకా ఆగితే ఆవిరి పైకి తక్కువ వస్తుంది. నేను వచ్చే ఆదివారం చేసి, గడియారం పెట్టుకుని ఎన్ని నిమిషాలు నిలిచిందో ఇక్కడే రాస్తాను.

ఇనపమూకుడు:
రాయి తల్లీ. కానీ ఆ బర్గర్‌లో వెనిగర్‌లో ఊరబెట్టిన దోసకాయ ముక్కలైనా రెండు పెట్టు, పులుపు లేకుండా మాత్రం చెయ్యకు.