ఉమ్మడి ఆంధ్ర పాత అప్పును పదమూడు జిల్లాలకు పంచేదెలా?

రాయగడలో తెలుగు డిగ్రీ విద్యార్థులకు అప్పు, వృద్ధి సంబంధం చూపడానికి ఒడిశాను, సరిహద్దు అవతలి ఆంధ్రను పోలుస్తున్నాం. కాలం 2004-05 నుంచి 2022-23. అప్పు అంటే రిజర్వు బ్యాంకు రాష్ట్ర బడ్జెట్ల నివేదికలో మార్చి నెలాఖరుకు ఉన్న మొత్తం బకాయిలు. దాన్ని ప్రస్తుత ధరల జీఎస్‌డీపీతో (రాష్ట్ర స్థూల ఉత్పత్తితో) భాగిస్తున్నాం.

ఒడిశా వరస చక్కగా కుదిరింది. చిక్కంతా ఆంధ్ర దగ్గరే. 2014 జూన్ 2కు ముందు అప్పు ఉమ్మడి రాష్ట్రానిది. 2011-12 నుంచి మొదలయ్యే, అదే ఆధార సంవత్సరంగా ఉన్న జీఎస్‌డీపీ మాత్రం విభజన నాటి ఆంధ్ర పదమూడు జిల్లాలకే. అందుకే నిష్పత్తి 2011-12లో అమాంతం లేచి, 2014-15లో దబ్బున పడుతోంది. లవం ఒక రాష్ట్రానిది, హారం ఇంకో రాష్ట్రానిది! ఆ గీత చూపించి పిల్లలకు ‘అప్పు తగ్గింది’ అని చెప్పలేం.

పాత అప్పును జనాభా వాటా 58.32 శాతంతో గుణించాం. మెట్టు చిన్నదైంది గానీ పోలేదు. 2014కు డమ్మీ (ఆ ఏడాదిని వేరు చేసే 0/1 చలరాశి) పెడితే ఆ ఏటి అసలు లోటు కూడా అందులోనే కలిసిపోయింది. 2014కు ముందువి తీసేస్తే మిగిలేవి తొమ్మిదేళ్లే, వాటిలో కోవిడ్ ఏడాది 2020-21 ఒక్కటే ఫలితాన్ని తనవైపు లాగేస్తోంది. తెలంగాణను కలిపి చూద్దామంటే, విడిపోయాక రెండింటి అప్పుల తీరు వేరు.

2011-12 నుంచి 2013-14 దాకా ఉమ్మడి అప్పులో పదమూడు జిల్లాల వాటా తీయడానికి జనాభా కంటే నమ్మదగిన కొలత ఏది?