తెలుగు యాప్‌కు ధర పెడితే వరుసలో వెనకబడక తప్పదా?

చర్చను ప్రారంభించినవారు, విజయనగరం:

ఉపాధ్యాయ నియామక పరీక్షకు చదువుకునేవారి కోసం తెలుగులో అభ్యాస ప్రశ్నలూ నమూనా పరీక్షలూ ఉన్న ఆండ్రాయిడ్ యాప్ ఒకటి నేనూ, నాతో ఇంజినీరింగు చదివిన మిత్రుడూ కలిసి తయారు చేశాం. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ ప్రకటన వెలువడినప్పుడు బొబ్బిలి, గజపతినగరం వైపు నుంచి రోజూ బస్సుల్లో మా ఊరి కోచింగ్ కేంద్రాలకు వచ్చి వెళ్లే అభ్యర్థులను చూశాక, ఆ ప్రయాణపు గంటల్లో వారికి పనికొచ్చేది ఒకటి చేయాలనిపించింది. గూగుల్ ప్లే ఖాతాకు ఒకసారి కట్టవలసిన 25 డాలర్లు కట్టాం. కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవారు కనీసం 12 మందితో వరుసగా 14 రోజులు యాప్‌ను పరీక్షింపజేయాలన్న నియమాన్నీ పూర్తి చేశాం. ఇప్పుడు ధర దగ్గర ఆగిపోయాం.

99 రూపాయల ధర పెట్టాలన్నది నా అభిప్రాయం. గూగుల్ ప్లే దుకాణం 15 శాతం కమిషన్ మినహాయించుకున్నాక, పన్నుల సంగతి పక్కన పెడితే, ఒక్కో అమ్మకానికి 84 రూపాయల 15 పైసలు మిగులుతాయి. ప్రశ్నలు రాసి, సరిచూసిన ఉపాధ్యాయులకు అందులోంచే ఎంతో కొంత ఇవ్వగలం. మిత్రుడు ఒప్పుకోవడం లేదు. ధర చూసి జనం వెనక్కి పోతారనీ, డౌన్‌లోడ్లు లేని యాప్ దుకాణంలో వెతికినప్పుడు కనపడే వరుసలో అడుగుకు పోతుందనీ, అడుగున ఉన్నది ఎవరి కంటా పడదనీ, కాబట్టి ఉచితంగా ఇచ్చి ప్రకటనల మీద సంపాదించుకోవడమే దారి అనీ అతని వాదన. ఇందులో నిజమెంతో అనుభవమున్నవారు చెప్పాలని కోరుతున్నాను.

విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం:

ధర పెట్టండి బాబూ. ఉచితంగా ఇచ్చే యాప్‌కు ఎవరూ డబ్బు కట్టడం లేదన్నది పైకి కనిపించే మాట మాత్రమే. చదువుకునేవారి దృష్టిని ప్రకటనదారుకు అమ్మడం ద్వారా ఆ డబ్బు వస్తోంది. ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, ఇంట్లో ఖర్చులకు సమాధానం చెప్పుకోలేక ఉన్న యువకుడికి శిశు వికాసం పాఠం మధ్యలో తక్షణ రుణం ఇస్తామనే ప్రకటన చూపించడం ఉపాధ్యాయ వృత్తికి సంబంధించిన పనిలో ఎంతమాత్రం తగదు. ఏ ప్రకటన కనపడాలో కొంతవరకు వర్గాలవారీగా ఆపుకోవచ్చని మా అబ్బాయి చెప్పాడు గాని, పూర్తిగా మీ చేతిలో ఉండదని కూడా అతనే చెప్పాడు.

పొందూరు ఖద్దరు సంగతి మీకు తెలియనిది కాదు. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని శుభ్రం చేసి, చేత్తో వడికి నేసిన బట్టకు మిల్లు బట్ట ధర పెట్టమని ఎవరూ అడగరు. పని తెలిసినవారు ఆ ధర ఇచ్చి కొంటారు. జాగ్రత్తగా సరిచూసిన ప్రశ్నల సంపుటికి కూడా అదే మర్యాద దక్కాలి.

యాప్ మార్కెటింగ్ పనిలో ఉన్నవారు, రాజాం:

మాస్టారి మాటలోని న్యాయాన్ని గౌరవిస్తూనే ఒక తేడా చెప్పాలి. ఖద్దరు కొనేవారు పొందూరు పేరు తెలిసి, దాని కోసమే వెతుక్కుంటూ వస్తారు. యాప్ దుకాణంలో డీఎస్సీ అని కొట్టినవారికి మీ పేరు తెలియదు. వచ్చిన జాబితాలో మొదటి నాలుగైదింటిని చూసి ఆగిపోతారు. అందుకే ధరనూ వరుసనూ విడదీసి మాట్లాడలేం.

ముందుగా, వరుసలు రెండు రకాలు. ఒకటి అగ్రశ్రేణి పట్టికలు. గూగుల్, ఆపిల్ రెండు దుకాణాల్లోనూ ఉచిత యాప్‌లకూ, ధర ఉన్నవాటికీ పట్టికలు వేరుగా ఉంటాయి గనుక అక్కడ మీకు ఉచిత యాప్‌లతో పోటీ లేదు. రెండోది వెతుకులాటలో వచ్చే వరుస. అక్కడ అన్నీ కలిసే వస్తాయి. శోధన పదానికి యాప్ పేరూ, కీలక పదాలూ ఎంత దగ్గరగా ఉన్నాయో, వాడుకరులు డౌన్‌లోడ్లు, రేటింగులు, సమీక్షల ద్వారా ఎలా స్పందించారో చూస్తామని ఆపిల్ చెబుతోంది. వాడుకరి వెతికినదానితో యాప్‌కున్న సంబంధం, యాప్ నాణ్యత, సంపాదకుల ఎంపిక వంటి అంశాలను గూగుల్ పేర్కొంటోంది. దేనికి ఎంత బరువు ఇస్తారో ఇద్దరూ బయటపెట్టరు. ఆ జాబితాల్లో ధర లేదు. అయితే ధర వల్ల తగ్గే డౌన్‌లోడ్లు ఉన్నాయి కదా. మీ మిత్రుడి మాటలో నిజం అంతవరకే.

ఉచితంగా ఇస్తే పైకి వస్తామన్నది మాత్రం నమ్మకం, అంతే. వియత్నాంకు చెందిన ఒక్క వ్యక్తి తయారుచేసిన ఫ్లాపీ బర్డ్ ఆట 2013 మేలో ఉచితంగానే వచ్చింది. 2014 జనవరిలో పట్టికల్లో మొదటి స్థానానికి చేరేముందు నెలల తరబడి దానిని పట్టించుకున్నవారు లేరు. ధర లేకపోవడం తలుపు తెరిచి ఉంచుతుంది గాని, మనుషులను తీసుకురాదు.

విజయనగరం మిత్రులు నిజంగా భయపడవలసిన విషయం వేరే ఉంది. రోజువారీ వాడుకరుల్లో 1.09 శాతం కంటే ఎక్కువమందికి యాప్ అకస్మాత్తుగా మూతపడినా, 0.47 శాతం కంటే ఎక్కువమందికి స్పందించకుండా బిగుసుకుపోయినా గూగుల్ ప్లే దానిని తక్కువగా చూపించవచ్చు. ఏదైనా ఒక ఫోన్ నమూనా మీద ఆ శాతం 8 దాటితే ఆ నమూనా వాడేవారికి ప్రత్యేకంగా తక్కువ కనపడుతుంది, దుకాణం పేజీలో హెచ్చరిక కూడా రావచ్చు. మీ వాడుకరుల్లో ఎక్కువమంది చేతుల్లో ఉండేవి తక్కువ మెమొరీ ఉన్న పాత ఫోన్లే. మీ కొత్త ఫోన్‌లో చక్కగా నడిచిన యాప్ పలాసలోనో పాలకొండలోనో నాలుగేళ్ల నాటి ఫోన్‌లో ఆగిపోతే, 99 రూపాయల ధర చేసేదానికంటే ఎక్కువ నష్టం అది చేస్తుంది. ధర గురించి వాదించుకునే సమయంలో సగం అలాంటి ఫోన్లు నాలుగు తెచ్చి పరీక్షించడానికి వెచ్చించండి. ఇంకొక సంగతి, 2021 నవంబరు నుంచి గూగుల్ ప్లే ఏ దేశపు వాడుకరికి ఆ దేశంవారి రేటింగునే చూపిస్తోంది కాబట్టి మన పరీక్ష సంగతి తెలిసినవారి మెప్పే మీకు లెక్కలోకి వస్తుంది.

చివరగా, తిరిగి దిద్దుకోలేని నియమం ఒకటి. గూగుల్ ప్లేలో ధర ఉన్న యాప్‌ను ఉచితం చేయవచ్చు. ఒకసారి ఉచితంగా ఇచ్చిన యాప్‌కు తర్వాత ధర పెట్టడం కుదరదు, కొత్త యాప్‌గా మళ్లీ మొదలుపెట్టాలి. అయితే ఉచిత యాప్ లోపల అమ్మకాలు పెట్టుకోవచ్చు. ఆపిల్ 2009 అక్టోబరులో ఉచిత యాప్‌లకు ఆ వీలు ఇచ్చినప్పటి నుంచి వ్యాపారం చాలావరకు ఆ వైపే నడిచింది. డౌన్‌లోడ్ ఉచితం, కొన్ని పరీక్షలు ఉచితం, పూర్తి సంపుటికి లోపల 99 రూపాయలు అన్న పద్ధతిని నేను సూచిస్తాను. కమిషన్ రెండు విధాలా ఒక్కటే.

దుకాణాల లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్మే వ్యాపారి, బొబ్బిలి:

ఇంతసేపూ ఆట నియమాలు చెప్పుకున్నాం గాని, నియమాలు పెట్టినవారి గురించి మాట్లాడలేదు. వరుసను నిర్ణయించే సంస్థే ఆ వరుసకు పైన ప్రకటన స్థలాన్ని అమ్ముతోంది, అమ్మకంలో వాటా తీసుకుంటోంది, ఏ యాప్ ఉండాలో ఏది పోవాలో కూడా తానే చెబుతోంది. ఇన్ని పనులు ఒకరి చేతిలో ఉన్నప్పుడు చిన్నవాడు ధర ఎంత పెట్టాలన్నది చివరి ప్రశ్న అవుతుంది.

2008లో ఆపిల్ దుకాణం తెరిచిననాడు పెట్టిన 30 శాతం ఏళ్ల తరబడి కదలలేదు. చిన్న డెవలపర్లకు ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు ఆదాయం మీద 15 శాతం అన్నది ఆపిల్ 2021 జనవరిలో, మొదటి 10 లక్షల డాలర్ల వరకు అదే తగ్గింపును గూగుల్ 2021 జులైలో అమలు చేశాయి. అది కూడా అనేక దేశాల్లో విమర్శలూ, వ్యాజ్యాలూ ముదిరిన తర్వాతే. మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరు 25న ప్లే బిల్లింగ్ విధానం, అంటే యాప్ అమ్మకాల డబ్బు తన చెల్లింపు వ్యవస్థ ద్వారానే కట్టాలన్న నియమం విషయంలో గూగుల్‌కు 936.44 కోట్ల జరిమానా వేసింది. అప్పీలు ట్రైబ్యునల్ 2025 మార్చిలో దానిని 216.69 కోట్లకు తగ్గించింది. ఆ ఆదేశం వల్ల వేరే చెల్లింపు సంస్థను వాడుకునే వీలు వచ్చింది గాని, అలా వాడుకున్నా కమిషన్‌లో తగ్గేది 4 శాతమే. 15 బదులు 11 కట్టాలి, చెల్లింపు సంస్థ రుసుము అదనం. 2024 మార్చి 1న పెళ్లి సంబంధాల సంస్థలూ, ఉద్యోగాల సంస్థా వంటి పెద్దవారి యాప్‌లే రుసుము వివాదంలో గూగుల్ ప్లే నుంచి తొలగిపోయాయి, కేంద్ర ప్రభుత్వం కలగజేసుకున్నాక కొద్ది రోజుల్లో తిరిగి వచ్చాయి. విజయనగరంలో ఇద్దరు కుర్రవాళ్ల యాప్ తొలగిపోతే ఏ మంత్రి సమావేశం పెడతాడు?

కాబట్టి నా సలహా ఒక్క దుకాణం మీద ఆధారపడవద్దని. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఇండస్ యాప్‌స్టోర్‌లో తెలుగుతో సహా 12 భారతీయ భాషలు ఉన్నాయి, చెల్లింపులకు మీకు నచ్చిన సంస్థను పెట్టుకోవచ్చు. అక్కడా పెట్టండి, సొంత వెబ్‌సైటులోనూ అమ్మండి.

యాప్ మార్కెటింగ్ పనిలో ఉన్నవారు, రాజాం:

మీరు చెప్పిన అధికారం సంగతి నిజమే. అయినా ఫోన్‌తోపాటే వచ్చిన దుకాణాన్ని వదిలి మరొకటి దించుకోమని అభ్యర్థిని అడగడం 99 రూపాయలు అడగడం కంటే కష్టం. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లతో, అంటే దుకాణంతో పనిలేకుండా యాప్‌ను నేరుగా ఫోన్‌లో ఎక్కించే ఫైళ్లతో, ఖాతాలు ఖాళీ అయిన కథలు విని జనం బయటి ఫైలు అంటేనే భయపడుతున్నారు, ఆ భయం సరైనది కూడా. ఇచ్ఛాపురంలో ఉన్నవారికీ, కువైట్‌లో పనిచేస్తూ ఇంట్లోవారి కోసం కొనిచ్చేవారికీ ఒకే రోజు యాప్ చేరుతోందంటే, మార్పులు తమంతట తామే ఫోన్లకు అందుతున్నాయంటే, ఆ పనికి 15 శాతం అన్యాయమని నేను అనలేను. 30 అయితే అంటాను.

డీఎస్సీ అభ్యర్థిని, టెక్కలి:

కొనవలసినవారి తరఫున ఎవరూ మాట్లాడలేదు గనుక రాస్తున్నాను. కోచింగుకు వేలు కడుతున్న మాకు 99 రూపాయలు పెద్ద మొత్తం కాదు. అయినా యాప్ పక్కన ధర కనపడగానే దానిని దాటి వెళ్లిపోతాను. లోపల ఏముందో చూడకుండా డబ్బు కట్టవలసి రావడమే కారణం. ఒకసారి అలా కొన్న యాప్‌లో పాత సిలబస్ ప్రశ్నలు ఉన్నాయని తెలిసేసరికి, గూగుల్ ప్లేలో నేరుగా డబ్బు వెనక్కి అడగడానికి ఉండే 48 గంటలు దాటిపోయాయి. ప్రశ్నల సంపుటి ఎలాంటిదో ఆ గడువులో తెలియదు. కొన్ని పరీక్షలు రాసి, తప్పుగా పెట్టిన జవాబులు తగిలాక తెలుస్తుంది. పైగా మా ఇంట్లో యూపీఐ ఉన్నది అన్నయ్య ఫోన్‌లో. డబ్బు కట్టాలంటే అడగాలి, అడిగితే కారణం చెప్పాలి. ఒక్కసారి అడగగలను. నెల నెలా కోత పడే చందా అయితే అసలు అడగను.

ఉచిత యాప్‌ల అనుభవమూ చెప్పాలి. సమయం నడుస్తున్న నమూనా పరీక్ష మధ్యలో తెరంతా ప్రకటన వస్తే, దానిని మూయడానికి మూలన గుర్తు ఎక్కడుందో వెతుక్కునే లోపు ఆలోచన తెగిపోతుంది. మాస్టారు చెప్పిన రుణాల ప్రకటనలు నేనూ చూశాను. అందుకని ఉచితమూ వద్దు, ముందుగా ధరా వద్దు, చూసి కొనుక్కోనివ్వండి.

వరుస గురించి ఒక మాట. మేము మొదట వచ్చినదాన్ని కళ్లు మూసుకుని దించుకోం. నక్షత్రాలు చూసి, కింద తెలుగులో రాసిన సమీక్షలు చదువుతాం. బాగుంది, చాలా బాగుంది అని వరుసగా ఉంటే నమ్మం. ఫలానా ప్రశ్నకు జవాబు తప్పు అని ఎవరో రాస్తే, దానికి తయారుచేసినవారు దిద్దామని జవాబిచ్చి ఉంటే, ఆ యాప్‌ను నమ్ముతాం.

చర్చను ప్రారంభించినవారు, విజయనగరం:

సమీక్షల ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. యాప్ విడుదల కాకముందే, డబ్బు ఇస్తే 5 నక్షత్రాల సమీక్షలు రాయిస్తామని ఒకరు సందేశం పంపారు. అందరూ చేసేదే అంటున్నారు. చేయకపోతే వెనకబడతామా?

దుకాణాల లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్మే వ్యాపారి, బొబ్బిలి:

చేయవద్దు. డబ్బిచ్చి రాయించుకోవడాన్ని రెండు దుకాణాలూ నిషేధించాయి, పట్టుబడితే యాప్ పోతుంది. ఆన్‌లైన్ సమీక్షలు ఎలా సేకరించాలో, ఎలా ప్రచురించాలో చెబుతూ భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 ప్రమాణాన్ని తెచ్చింది గాని, దానిని పాటించడం ఐచ్ఛికంగా ఉంచారు. దానిని తప్పనిసరి చేయాలనీ, యాప్ వరుసలో పడిపోయినప్పుడు కారణం తెలుసుకునే హక్కు డెవలపర్‌కు ఉండాలనీ నేను ఇక్కడే కాదు, ఎక్కడైనా వాదిస్తాను.

విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం:

టెక్కలి అమ్మాయి రాసినది చదివాక, డౌన్‌లోడ్‌కు ధర పెట్టమన్న నా సలహాను ఇక పట్టుబట్టను. లోపల అమ్మండి. కాని దేనిని ధర వెనుక పెడతారన్నది జాగ్రత్తగా ఆలోచించాలి. ప్రశ్న ఉచితంగా చూపించి, జవాబుకు వివరణ కావాలంటే డబ్బు కట్టమనడాన్ని నేను అంగీకరించను. తప్పు చేసిన విద్యార్థికి ఎందుకు తప్పయిందో చెప్పకుండా పంపడం బోధన కాదు. ఉచితంగా ఇచ్చే పరీక్షలు తక్కువైనా ఫరవాలేదు, ఇచ్చినవాటికి వివరణలు పూర్తిగా ఉండాలి. ఎక్కువ పరీక్షలు కావాలన్నవారు ధర కడతారు.

యాప్ మార్కెటింగ్ పనిలో ఉన్నవారు, రాజాం:

వ్యాపారపరంగా చూసినా మాస్టారు చెప్పినదే మేలు. వివరణ దగ్గర అడ్డుకున్న యాప్‌కు అక్కడే ఒక నక్షత్రం పడుతుంది. రేటింగు అడిగే సందేశాన్ని కూడా యాప్ తెరవగానే చూపించవద్దు; ఒక పూర్తి పరీక్ష రాసి ఫలితం చూసుకున్నాక అడగండి.

డీఎస్సీ అభ్యర్థిని, టెక్కలి:

ఒక్కటి అడుగుతాను. ప్రకటన వెలువడ్డాక అందరూ ఒక్కసారిగా వెతకడం మొదలుపెడతారు, అప్పుడు ధరలు పెంచేవారిని చూశాం. మీరు 99 పెట్టినా 149 పెట్టినా, పరీక్ష ముగిసేవరకు అదే ఉంటుందని యాప్ పేజీలోనే తెలుగులో రాయండి. మా ఊళ్లో కలిసి చదువుకునేవారికి ఆ పేజీ చూపించి నేనే చెబుతాను.